తప్పు జవాబు వెనక కూడా ఒక పద్ధతి ఉంటుంది: పిల్లలకు లెక్కలు చెబుతున్న సీఎస్ఈ అమ్మాయికి

ప్రశ్న: "నేను గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మూడో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు ఏడుగురికి లెక్కలు చెబుతున్నాను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్నారు. చెప్పేటప్పుడు 'అర్థమైంది అక్కా' అంటారు, మర్నాడు అదే లెక్క తప్పు చేస్తారు. నాకు టీచర్ ట్రైనింగ్ లేదు. పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పిస్తూ లెక్కలు చెబితే ఆసక్తి పెరుగుతుందా? నేను చదువుతున్న చదువు వీళ్ళకి ఏమైనా పనికొస్తుందా?"

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. నీ చదువు ఈ పిల్లలకి బాగా పనికొస్తుంది. పైథాన్ సంగతి తర్వాత చెబుతాను, అంతకంటే విలువైంది నీ దగ్గర ఇంకోటుంది. నువ్వు రాసిన ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇస్తే ఏం చేస్తావు? ఏ ఇన్‌పుట్‌కి ఏ జవాబు వస్తోందో చూస్తావు, ఏ లైను అలా చేయిస్తోందో వెతుకుతావు, అనుమానం తీరడానికి ఇంకో ఇన్‌పుట్ ఇచ్చి చూస్తావు. పిల్లల నోట్‌బుక్ ముందు కూర్చున్నప్పుడు కావలసింది సరిగ్గా ఇదే. బీఈడీ చేసినవాళ్ళలో కూడా ఈ అలవాటు అందరికీ ఉండదు.

ఒక లెక్క తీసుకుందాం. 503 లోంచి 267 తీసెయ్యాలి. జవాబు 236. ఒక పాప 364 అని రాసింది, ఒక బాబు 336 అని రాశాడు. మామూలుగా ఏం చేస్తాం? రెండింటికీ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, "అప్పు తెచ్చుకోవడం మర్చిపోయారు, ఇటు చూడండి" అని బోర్డు మీద ఇంకోసారి చేసి చూపిస్తాం. ఇద్దరూ తలూపుతారు. మర్నాడు మళ్ళీ అవే తప్పులు.

ఆ రెండు జవాబుల్నీ విడివిడిగా చూడు. 364 ఎలా వచ్చింది? ఒకట్ల స్థానంలో పైన 3, కింద 7. పాప ఏడులోంచి మూడు తీసేసి 4 వేసింది. పదుల స్థానంలో ఆరులోంచి సున్నా తీసేసి 6 వేసింది. వందల్లో అయిదులోంచి రెండు పోతే 3. అంటే ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది, ఏది పైనుంది ఏది కిందుంది అని చూడలేదు. ఇందులో మరుపు లేదు, అశ్రద్ధ లేదు. ఆ పాప దగ్గర ఒక నియమం ఉంది, దాన్ని పొల్లుపోకుండా అమలు చేసింది. "పెద్దదాంట్లోంచే చిన్నది తీయగలం" అని చిన్న తరగతుల్లో మనమే చెప్పి ఉంటాం.

336 వేసిన బాబు సంగతి వేరు. అతనికి అప్పు తెచ్చుకోవడం వచ్చు. మూడులోంచి ఏడు పోదు కాబట్టి పక్కకి వెళ్ళాడు. అక్కడ సున్నా ఉంది. సున్నాని 9 చేశాడు, 3 ని 13 చేశాడు. ఆ 9 రావాలంటే వందల స్థానంలో 5 కాస్తా 4 అవాలి కదా, ఆ అడుగు వేయలేదు. 13 లోంచి 7 పోతే 6, 9 లోంచి 6 పోతే 3, 5 లోంచి 2 పోతే 3.

ఈ ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఇద్దరికీ ఉపయోగపడదు. పాపకి స్థానవిలువ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పది రూపాయల నోట్లు ఆరు, రూపాయి బిళ్ళలు రెండు చేతికిచ్చి అందులోంచి 38 రూపాయలు ఇమ్మను. నోటు మార్చకుండా ఇవ్వడం కుదరదని తనకే తెలుస్తుంది. బాబుకి అదంతా అక్కర్లేదు. వంద నోటు మార్చి పది పదులు తీసుకోవడం, అందులో ఒక పదిని మళ్ళీ రూపాయలుగా మార్చడం ఒకసారి చేతులతో చేయిస్తే, అయిదు వందలు నాలుగు వందలైన సంగతి కళ్ళారా చూస్తాడు.

నీకు నచ్చే విషయం ఒకటి చెబుతాను. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ పనే చేశారు. తీసివేతలో పిల్లలు చేసే తప్పుల్ని ప్రోగ్రామ్‌లో ఉండే లోపాల్లాగా, అంటే బగ్గుల్లాగా రాసుకున్నారు. ఏ బగ్గు ఉంటే ఏ లెక్కకి ఏ జవాబు వస్తుందో కంప్యూటర్ చేత చేయించారు. దాని పేరు బగ్గీ. కంప్యూటర్ ఒక పిల్లవాడిలా తప్పు జవాబులు ఇస్తుంటే, టీచరు ఒక్కో లెక్క ఇస్తూ ఆ బగ్గు ఏమిటో పట్టుకోవాలి. టీచర్ల శిక్షణ కోసం దాన్ని అలా వాడారు. నేను పైన చెప్పిన రెండు తప్పులూ వాళ్ళ జాబితాలో ఉన్నవే. ఏ దేశం పిల్లలైనా మన మంగళగిరి పిల్లలైనా తీసివేతలో పడే చోట్లు అవే.

అందులో అసలు కిటుకు లెక్కలు ఎంచుకోవడంలో ఉంది. 584 లోంచి 231 తీసెయ్యమంటే పాప, బాబు ఇద్దరూ సరిగ్గా చేస్తారు. 62 లోంచి 38 తీసెయ్యమంటే పాప 36 వేస్తుంది, బాబు 24 అని కరెక్టుగా వేస్తాడు. మధ్యలో సున్నా ఉన్న లెక్క ఇస్తే తప్ప బాబు తప్పు బయటపడదు. టెక్స్ట్‌బుక్ అభ్యాసంలో పది లెక్కల్లో ఎనిమిది కరెక్టు వచ్చాయని సంతోషపడి ముందుకెళ్తే, ఆ మిగిలిన రెండింటిలో ఏముందో ఎప్పటికీ తెలియదు. నీ ప్రోగ్రామ్‌కి టెస్ట్ కేసులు రాసేటప్పుడు తేలికవి మాత్రమే రాసుకుని ఊరుకోవు కదా, ఇక్కడా అంతే.

కరెక్టు జవాబు వచ్చినా పద్ధతి కరెక్టని కాదు. దశాంశాల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 4.8, 4.63 వీటిలో ఏది పెద్దది అని అడుగు. కొందరు 4.63 అంటారు, ఎందుకంటే 63 పెద్దది, 8 చిన్నది. "నాలుగు పాయింట్ అరవై మూడు" అని చదివే అలవాటు వల్ల ఇది ఇంకా బలపడుతుంది. "నాలుగు పాయింట్ ఆరు మూడు" అని చదివించు. ఇంకొందరు 4.8 అంటారు. సరే, వీళ్ళకి వచ్చినట్టే అనుకుంటాం. వాళ్ళనే 5.736, 5.62 లో ఏది పెద్దదని అడిగి చూడు. కొందరు 5.62 అంటారు. వాళ్ళ లెక్కలో వెయ్యోవంతులు వందోవంతుల కంటే చిన్నవి, కాబట్టి పాయింట్ తర్వాత అంకెలు ఎక్కువున్నది చిన్నది. మొదటి ప్రశ్నలో 4.8 అన్నది కూడా అందుకే. ఇక 63 ని చూసి మోసపోయిన పిల్లలు ఈ రెండోదానికి 5.736 అని కరెక్టుగా చెబుతారు, అదీ తప్పు కారణంతోనే. రెండు ప్రశ్నలూ కలిపి అడిగితేనే ఎవరి బుర్రలో ఏముందో తేలుతుంది.

కాబట్టి తప్పు కనిపించగానే "తప్పు" అనకు. "ఇది ఎలా చేశావో చెప్పమ్మా" అను. కరెక్టు జవాబుకీ అప్పుడప్పుడూ అదే మాట అడుగు, లేకపోతే ఎలా చేశావని అడిగితే తప్పన్నమాటే అని పిల్లలు పసిగట్టేస్తారు. ఒక పాత నోట్‌బుక్ పెట్టుకుని ఒక్కో పిల్లకి రెండేసి పేజీలు కేటాయించు. తేదీ, లెక్క, వాళ్ళ జవాబు, నీ అనుమానం రాసుకో. నెల తిరిగేసరికి అందులో నీకు ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ దొరకని సరుకు ఉంటుంది.

బాడ్‌మాస్ (లెక్కలో ఏ గుర్తు ముందు చేయాలో చెప్పే నియమం) గురించి కూడా ఒక మాట. 10 − 4 + 3 ఎంత అని అడిగితే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా 3 అంటారు. బాడ్‌మాస్‌లో 'ఎ' (కూడిక) ముందు, 'ఎస్' (తీసివేత) తర్వాత, కాబట్టి ముందు 4, 3 కూడేసి 7 తీసేశారు. జవాబు 9. కూడిక, తీసివేతలకి సమాన హోదా అని, ఎడమ నుంచి కుడికి వచ్చినవి వచ్చినట్టు చేయాలని ఎవరూ చెప్పి ఉండరు. నీ పైథాన్ కూడా 9 అనే ఇస్తుంది, ఆపరేటర్ల ప్రాధాన్యం నువ్వు చదువుకున్నదే.

ఇప్పుడు సమానం గుర్తు. ఆరో తరగతి పిల్లలకి 8 + 4 = ▢ + 5 అని రాసి ఖాళీలో ఏముండాలో అడుగు. 12 అని రాసేవాళ్ళు ఉంటారు, 17 అనేవాళ్ళూ ఉంటారు. ఉండాల్సింది 7. వాళ్ళకి సమానం గుర్తంటే "ఇక్కడ జవాబు వెయ్యి" అనే ఆజ్ఞ. అందుకే రఫ్ వర్కులో 5 + 3 = 8 × 2 = 16 − 1 = 15 అని గొలుసుకట్టుగా రాసేస్తారు. ఈ పొరపాటు సరిచేయకుండా సమీకరణాలు మొదలుపెడితే "ఇటున్నది అటు పంపితే గుర్తు మారుతుంది" అన్నది మంత్రంలా మిగిలిపోతుంది. ఎందుకు మారుతుందో తెలియదు, ఎప్పుడు మారదో అసలే తెలియదు. రెండు పక్కలా ఒకే పని చేస్తున్నామని కొన్నాళ్ళపాటు పూర్తిగా రాయించు. 3ఎక్స్ + 4 = 19 అయితే రెండు పక్కలా 4 తీసేయి, రెండు పక్కలా 3 తో భాగించు. నాలుగు లైన్లు ఎక్కువ పడితే పడనీ.

నీ పైథాన్ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ప్రోగ్రామ్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అని రోజూ రాస్తావు. నీకది "కుడి పక్కది లెక్కగట్టి ఎడమ పక్క పేరులో పెట్టు" అన్న పని. బీజగణితంలో అదే లైనుకి ఏ సంఖ్యా పనికిరాదు. సమానం గుర్తంటే ఆజ్ఞ అనుకుంటున్న పిల్లవాడికి ఈ దశలో పైథాన్ చూపిస్తే, ఉన్న అపోహని నువ్వే ముద్ర వేసి ఖాయం చేసినట్టవుతుంది. ఆరు, ఏడు తరగతుల వాళ్ళకి ఇప్పుడే వద్దు. సమీకరణాలు నిలకడగా చేస్తున్న ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకి నిరభ్యంతరంగా మొదలుపెట్టు.

వాళ్ళకి ప్రోగ్రామింగ్ నిజంగా సాయపడే చోటు ఒకటుంది. "ఒక యూనివర్సిటీలో ప్రొఫెసర్లకి ఆరు రెట్లు విద్యార్థులున్నారు. విద్యార్థుల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి. సమీకరణం రాయండి." 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వాళ్ళని ఈ ప్రశ్న అడిగితే మూడోవంతుకు పైగా తప్పు రాశారు. తప్పు రాసినవాళ్ళలో ఎక్కువమంది రాసింది 6ఎస్ = పి. ఎస్ = 6పి ఉండాలి. "ఆరుగురు ఎస్‌లకి ఒక పి" అని వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేశారు. అక్షరాన్ని సంఖ్యగా తీసుకోలేదు, మనిషి పేరుకి పొట్టి గుర్తుగా తీసుకున్నారు. అదే ప్రశ్నని ప్రొఫెసర్ల సంఖ్య ఇస్తే విద్యార్థుల సంఖ్య చెప్పే ప్రోగ్రామ్‌గా రాయమన్నప్పుడు తప్పులు తగ్గాయి. ప్రోగ్రామ్ రాసేటప్పుడు దేన్ని దేంతో గుణించాలో తేల్చుకోక తప్పదు మరి.

కాబట్టి మాటల లెక్క ఇచ్చినప్పుడు మొదటి లైనులో "ఎక్స్ = పెన్సిళ్ళు" అని రాయనివ్వకు. "ఎక్స్ = పెన్సిళ్ళ సంఖ్య" అని రాయించు, ఖరీదైతే "ఒక పెన్సిల్ ఖరీదు, రూపాయల్లో". 3ఎ అంటే మూడు ఆపిల్స్ అని చెప్పే అలవాటు మన దగ్గర చాలా ఉంది. కూడికల దాకా పర్వాలేదనిపిస్తుంది. ఎ × బి దగ్గరికి వచ్చేసరికి ఆపిల్‌ని అరటిపండుతో గుణించడం ఏమిటని పిల్ల అడిగితే మన దగ్గర జవాబుండదు. (ఎ + బి)² కి ఎ² + బి² అని రాసేవాళ్ళ చేత సూత్రం వల్లెవేయించే ముందు ఎ కి 2, బి కి 3 వేసి చూడమను. ఒక పక్క 25, ఇంకో పక్క 13. తమ సూత్రాన్ని తామే పరీక్షించుకునే ఈ అలవాటు నీలాంటి వాళ్ళు నేర్పితేనే వస్తుంది, మార్కుల హడావుడిలో బళ్ళో దానికి తీరిక దొరకదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళకి పైథాన్ మొదలుపెట్టేటప్పుడు టర్టిల్‌తో (చెప్పినట్టు తెర మీద నడుస్తూ గీతలు గీసే తాబేలు) మొదలుపెట్టు. అది పైథాన్‌తోనే వస్తుంది, మామూలుగా వేరే ఏమీ దించుకోనక్కర్లేదు. 1967లో సేమర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం తయారుచేసిన లోగో భాషలోని తాబేలే ఈ టర్టిల్‌కి మూలం. ముందు చతురస్రం గీయమను: 100 అడుగులు ముందుకి, 90 డిగ్రీలు ఎడమకి, నాలుగుసార్లు. అందరూ గీస్తారు. తర్వాత సమబాహు త్రిభుజం గీయమను. దాదాపు అందరూ 60 డిగ్రీలు తిప్పుతారు, త్రిభుజంలో కోణం 60 అని పుస్తకంలో చదివారు కదా. మూడు భుజాలు గీసినా బొమ్మ మూసుకోదు, సగం షడ్భుజి వస్తుంది. అప్పుడు నువ్వేమీ చెప్పకు. నేల మీద సుద్దముక్కతో త్రిభుజం గీసి, దాని మీద నడిచి మూల దగ్గర ఎంత తిరుగుతున్నారో చూసుకోమను. 120 తిరగాలని వాళ్ళే పట్టుకుంటారు. చుట్టూ తిరిగి మొదటి దిక్కుకే వస్తే మొత్తం 360 అని, అయిదు భుజాలకి ఒక్కో మలుపు 72 అని, బాహ్యకోణాల మొత్తం ఎప్పుడూ 360 అన్న సిద్ధాంతం ఇదేనని ఆ తర్వాత పుస్తకం తెరిచి చూపించు. ఒక్క ల్యాప్‌టాప్ చాలు, ముగ్గురు కూర్చుని వాదించుకుంటూ చేస్తే ఇంకా మంచిది.

−3 వర్గం గురించి కూడా కంప్యూటర్ మీద ఒక ముచ్చట చూపించొచ్చు. బ్రాకెట్ లేకుండా మైనస్ 3 కి వర్గం అడిగితే పైథాన్ −9 ఇస్తుంది, ఎక్సెల్ 9 ఇస్తుంది. మన పుస్తకాల పద్ధతి పైథాన్‌దే: ముందు వర్గం, తర్వాత మైనస్. బ్రాకెట్ ఎందుకు పెట్టాలో తొమ్మిదో తరగతి వాడికి ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

"అర్థమైంది అక్కా" సంగతికొద్దాం. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. నువ్వు చేస్తుంటే చూసినప్పుడు ప్రతి అడుగూ సబబుగానే కనిపిస్తుంది, తర్వాతి అడుగు తామే వెయ్యాల్సి వచ్చినప్పుడు కదా తెలిసేది. అందుకని అర్థమైందా అని అడగడం మానెయ్. అంకెలు మార్చి ఒక లెక్క ఇచ్చి పుస్తకం మూయించు. మర్నాడు రాగానే, ఏమీ గుర్తుచేయకుండా, మూడు లెక్కలు ఇవ్వు: నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. మొదట్లో ఘోరంగా చేస్తారు, కంగారు పడకు. పుస్తకంలో ఒక అభ్యాసంలో లెక్కలన్నీ ఒకే పద్ధతివి కాబట్టి పద్ధతి ఎంచుకునే పని పిల్లలకి తగలదు. పరీక్షలో ఎంచుకోవాల్సి వస్తుంది.

రకరకాల తరగతుల పిల్లలున్నారన్నావు. తరగతి చూసి మోసపోకు. పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్ళి కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, మన దేశంలో పల్లెటూళ్ళ ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 46 శాతం లోపే. నీ దగ్గరున్న తొమ్మిదో తరగతి పిల్లాడికి భాగహారం రాకపోవచ్చు, ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడుతూ ఉండొచ్చు. అతనికి అయిదో తరగతి పుస్తకం చేతికిస్తే రేపటి నుంచి రాడు. అతని పాఠంలోంచే ఇవ్వు. చతురస్రం చుట్టుకొలత 936 ఇచ్చి భుజం అడిగితే భాగహారమే, ఏడుగురి మార్కుల సగటు అడిగితే భాగహారమే. ఎక్కాలు మాత్రం అందరితో కలిపి రోజూ కాసేపు చదివించు, తెలుగులో. ఏడెనిమిదులు యాభై ఆరు అన్నది నాలుక మీదుంటే మిగతా బుర్రంతా లెక్క మీద పెట్టొచ్చు.

భాష సంగతి కూడా అంతే. పిల్లలది ఇంగ్లీషు మీడియమే కావచ్చు, ఆలోచించేది తెలుగులో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పరీక్షకి ఇంగ్లీషు పేజీ, అర్థానికి తెలుగు పేజీ చదివించు. ఎల్‌సీఎమ్ (క.సా.గు.) చెయ్యి అంటే నిచ్చెన గీసి చేసేస్తారు. "ఒక బస్సు 12 నిమిషాలకోసారి, ఇంకోటి 18 నిమిషాలకోసారి బయల్దేరతాయి, ఇప్పుడు కలిసి బయల్దేరాయి, మళ్ళీ ఎప్పుడు?" అని తెలుగులో అడిగితే ఆగిపోతారు. ఆ ఆగిన చోటే నీ పని మొదలవుతుంది.

తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు, అడగనీ. పదో తరగతి మార్కుల మీదే మన రాష్ట్రంలోని ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీ సీట్లు ఇస్తారు కాబట్టి వాళ్ళ ఆత్రంలో న్యాయం ఉంది. నెలకోసారి ఆ నోట్‌బుక్ చూపించి "మీవాడికి ఇది రాదు, ఇప్పుడు ఇది వచ్చింది" అని చెప్పు. బడి హోంవర్క్ పూర్తి చేయించే పని మాత్రం ఒప్పుకోకు. ఒప్పుకుంటే ఉన్న గంటా దానికే పోతుంది. నీ సెమిస్టర్ పరీక్షలప్పుడు సెలవు ఇస్తానని ముందే చెప్పేయి, ఆ రోజులకి ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళని ఆరో తరగతి వాళ్ళకి చెప్పమను.

రేపు సాయంత్రం ఏడుగురికీ ఈ అయిదు ఇవ్వు: 503 − 267; 62 − 38; 4.8, 4.63 లో పెద్దది; 5.736, 5.62 లో పెద్దది; 8 + 4 = ▢ + 5. కరెక్టా తప్పా అని దిద్దకుండా జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకో. ఎలా వచ్చిందో నీకు అంతుపట్టని జవాబు ఏదైనా ఉంటే ఇక్కడ రాయి, కలిసి చూద్దాం.